మూడు చుక్కల దగ్గర ఆగిన వైవా

2003 మే నెల. రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీ. ఎంసీఏ ఆఖరి ఏడాది ప్రాజెక్టు వైవాలు ముగిసిన సాయంత్రం, కంప్యూటర్ ల్యాబులో గైడు అప్పాజీ గారు, ఆయన విద్యార్థిని శ్రీదుర్గ.

“నా ప్రోగ్రాం హ్యాంగ్ అవలేదండి సార్.”

“అయిందనే రాసుకున్నారమ్మా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు.”

“అది చూస్తోందండి. ఆయన బ్రాకెట్ తెరిచి ఎంటర్ కొట్టారు. మూయలేదు. మిగతాది కూడా కొడతారని అది ఆగి చూస్తోంది.”

“నాకు తెలుసు కదా.”

“మీకు తెలుసు. ఆయనకి తెలీదుగా! ఎంటర్ కొడితే మూడు చుక్కలు. మళ్ళీ కొడితే మళ్ళీ మూడు చుక్కలు. ‘ఇదేంటి, బిగుసుకుపోయింది’ అని రీసెట్ బటన్ నొక్కేశారు. నా ప్రాజెక్టంతా ఆ చుక్కల్లోనే ఉందండి.”

“టీ తాగు, చల్లారిపోతోంది. అటెండరు సత్తియ్య నీ కోసమని అల్లం వేయించి తెచ్చాడు, పాపం.”

“పొద్దున్న అడక్కుండానే స్టూలు కూడా వేశారండి సత్తియ్య గారు. మీరు ఒక్క మాట సాయం చేస్తే సరిపోయేది.”

“ఎక్స్‌టర్నల్ అడుగుతుంటే గైడు నోరెత్తకూడదమ్మా. ఏ కాలేజీలోనూ లేదు ఆ పద్ధతి.”

“నన్నూ ఎత్తనివ్వలేదు. ‘సార్’ అన్నానో లేదో, కళ్ళతో ఆపేశారు.”

“ఆపానా?”

“ఆపారండి.”

“ఎగ్జామినర్‌కి ఎదురు చెప్పిందనే పేరు నీకెందుకులే అని...”

“ఇప్పుడొచ్చిన పేరు బాగుందా సార్? ఫెయిలు!”

“అది కాదమ్మా. వచ్చే నెల నేను వాళ్ళ కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళాలి. ఆయన మన పిల్లల్ని చూడాలి, నేను వాళ్ళ పిల్లల్ని చూడాలి. ఒకళ్ళనొకళ్ళం...”

“గౌరవించుకుంటారు. బాగుందండి.”

“వెటకారం వద్దు.”

“ముందు చుక్కలు ఉండేవి కాదు కదండి. బ్రాకెట్ మూయకపోతే ‘ఇంకా చెప్పండి’ అని వచ్చేది, ఇంగ్లీషు అక్షరాల్లో. మొదటేడాది పిల్లలకి ఎంత నచ్చిందో మీరూ చూశారు.”

“ఎంసీఏ ప్రాజెక్టులో తెలుగేంటమ్మా, నవ్వుతారు.”

“అప్పుడూ ఇదే అన్నారు. అది తీసేసి చుక్కలు పెట్టమన్నారు, పెట్టాను. నవ్వలేదు లెండి ఎవరూ.”

“ప్రాజెక్టు మంచిదే. నేనెప్పుడైనా కాదన్నానా?”

“ఆ మాట ఆయన ముందు అనలేదు. అసలు ఇదేంటో ఆయన అడగనైనా అడగలేదండి. పిల్లలు ప్రోగ్రాం ఒక్కో లైనూ కొడుతుంటే అప్పటికప్పుడు జవాబు చెప్పే ఇంటర్‌ప్రెటర్. కొట్టింది తప్పైతే వెంటనే చెప్పాలి. ఇంకా పూర్తి కాకపోతే మాత్రం తిట్టకుండా ఆగాలి. తప్పేదో, సగమేదో దానికి తెలియాలి కదా?”

“బ్రాకెట్లు లెక్కపెడితే తెలిసిపోతుందని నేనే అన్నాను.”

“అన్నారు. కొటేషన్ గుర్తుల లోపల కూడా బ్రాకెట్ ఉండొచ్చు, అప్పుడు లెక్క తప్పుతుందని నేను ఒప్పుకోలేదు. మధ్యలో ఎక్కడో పొసగకపోతే అది తప్పు. చివరిదాకా అంతా సరిగ్గానే వచ్చి, ఇంకా ఏదో రావాల్సిన చోట మాటలైపోతే అది తప్పు కాదు, సగం. ఈ రెంటినీ విడదియ్యడానికే సంక్రాంతి సెలవుల్లో కూడా ఇక్కడే కూర్చున్నాను.”

“ఎంత వివరంగా చెప్పావు చూడు! ఇలా చెప్పేవాళ్ళు మన ల్యాబులో ఇంకెవరున్నారు?”

“ఇదే పొద్దున్న చెప్పనివ్వాల్సింది.”

“పోనీలే. అక్టోబరులో మళ్ళీ పెట్టొచ్చు. ఇదే ప్రాజెక్టు. నేనే గైడుని.”

“జూలైలో హైదరాబాదులో చేరాలండి. పాసైన సర్టిఫికెట్ తేకపోతే ఉద్యోగం లేదని వాళ్ళు ముందే చెప్పారు.”

“ఉద్యోగాలకేం, వస్తూనే ఉంటాయి.”

“ఎవరికండి? మా అమ్మ కొవ్వూరు చేపల మార్కెట్లో అందరికీ చెప్పేసింది. జూలై నుంచి బుట్ట దించేస్తున్నానంది. అమ్మ కూర్చునే చోటు నాదంటే నాదని పక్కవాళ్ళు అప్పుడే జుట్లు పట్టుకుంటున్నారు కూడా.”

“అంతదాకా వచ్చిందా!”

“నవ్వకండి సార్.”

“నవ్వలేదమ్మా.”

“ఆయన్ని భోజనానికి మీరే కదా తీసుకెళ్ళారు? అక్కడ నా సంగతేమైనా వచ్చిందా?”

“రాలేదు.”

“అసలు రాలేదా?”

“పులుసులో ముళ్ళ సంగతి వచ్చింది. కరెంటు కోతల సంగతి వచ్చింది. తినేటప్పుడు మార్కుల గొడవ ఎవరెత్తుతారు?”

“ఆయన రైలు ఇంకా వెళ్ళుండదు. గోదావరి స్టేషనుకి మీ స్కూటర్ మీద ఎంతసేపండి? నేను మాట్లాడతాను, మీరు పక్కన నిలబడితే చాలు.”

“మార్కుల కవరు సీలేసేశాం. సీలు పడ్డాక దేవుడొచ్చినా ఏం చెయ్యలేడు.”

“మీరు రానంటున్నారు. అంతే కదా?”

“రానని కాదు...”

“వస్తారా మరి?”

“నా మాట విను. ఈ ఆర్నెల్లు ఇక్కడే ఉండు. ల్యాబ్ అసిస్టెంటుగా పెట్టిస్తాను. ఆగస్టులో ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తోంది. కొత్త కోర్సు ఇస్తారా లేదా అన్నదంతా ఈ ల్యాబు మీదే ఉంది. ఏ మిషనుకి ఏం జబ్బో నీకు తప్ప ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు.”

“ఈ మాట ఫిబ్రవరిలో కూడా అడిగారు. వద్దన్నాను.”

“అప్పుడంటే నీకు ఇంకో దారి ఉంది.”

“ఇప్పుడు లేదనా?”

“అలా అనలేదమ్మా. నీ మంచికే చెబుతున్నాను. రోజూ గోదావరి దాటి వచ్చి వెళ్ళొచ్చు. రాత్రికి మీ అమ్మ దగ్గరే ఉంటావు. అదీ ఒక సుఖమే కదా?”

“సుఖమే.”

“మరింకేం?”

“మా అమ్మకి మీరే చెప్పండి, బుట్ట దించొద్దని. నేను చెప్పలేను.”

“చెబుదాం, చెబుదాం. అయితే చేరుతున్నట్టే కదా?”

“వేరే ఏం చెయ్యగలనండి... ఫోన్ మోగుతోంది.”

“మోగనీ. ఆఫీసువాళ్ళై ఉంటారు.”

“ఆగట్లేదండి.”

“ఎత్తకమ్మా! సత్తియ్య చూసుకుంటాడు.”

“హలో, కంప్యూటర్ ల్యాబండి.”

“అప్పాజీ గారున్నారా? నేను పల్లంరాజుని. పొద్దున్న ఎక్స్‌టర్నల్‌గా వచ్చాను. స్టేషన్లో కాయిన్ ఫోన్ నుంచి చేస్తున్నాను.”

“నమస్కారమండి. నేను శ్రీదుర్గని. మీరు రీసెట్ నొక్కారే, ఆ ప్రాజెక్టు...”

“నువ్వేనా! నీ గురించేనమ్మా చేసింది.”

“ఎవరు శ్రీదుర్గా? ఫోనిలా ఇవ్వు.”

“అన్నం తింటుంటే తట్టిందమ్మా, బ్రాకెట్ నేనే మూయలేదని. సిగ్గేసింది. అప్పటికింకా కవరు సీలు వెయ్యలేదు. నాదే పొరపాటు, మార్కులు మార్చేస్తానని మీ సార్‌తో అప్పుడే అన్నాను.”

“అన్నారా అండి?”

“ఇవ్వమ్మా, నేను మాట్లాడతాను.”

“ఉండండి సార్. మా సార్ ఏమన్నారండి?”

“మార్చొద్దన్నారు. నువ్వే వచ్చి అడిగావట కదా, ఫెయిలు అలాగే ఉంచమని, ఈ ఆర్నెల్లూ ల్యాబులోనే ఉండి ఇంకా బాగా చేసి పెడతానని. రైలొచ్చేసింది, ఉంటాను. ఇన్నేళ్ళ సర్వీసులో నీలాంటి పిల్లని చూళ్ళేదమ్మా, ఒక్కసారి మెచ్చుకుని వెళ్దామని చేశాను.”