కొలిచి వండిన అన్నం

చంద్రపూర్ బాబుపేట్‌లో ఒక ఇంటి పెరడు. బోళ్లు తోమడం అయిపోయి, పనామె తన ఖాళీ డబ్బాను సంచిలో పెట్టుకుంటోంది. బడి నుంచి వచ్చిన ఆ ఇంటి పిల్ల గడప మీద కూర్చుని ఉంది.

"ఇయ్యాల గూడ గంజుల అన్నం ఏం మిగల్లేదు బిడ్డా."

"ఇగ ఎప్పుడూ మిగలదు మౌశీ. సముద్రం అవతల దేశాలల్ల పిల్లలు ఆకలితోటి చచ్చిపోతుండ్రట. ఒక్క మెతుకు గూడ పారెయ్యకుంటే అదే మనం చేసే మదత్ అని మేడమ్ చెప్పింది."

"మంచిగ చెప్పింది."

"అందుకే అమ్మ బియ్యం కొలిచి వండుతుంది. నేనే చెప్పిన."

"అవునా."

"మరి మీ కుక్కకు ఏం పెడుతున్నవ్? మిగిలిందంతా దానికనే గద తీస్కపోయేటిదానివి."

"ఏమన్న ఉంటే తింటది. లేకుంటే నీళ్లు తాగి పండుకుంటది."

"రేపు నా పల్లెంల సగం రొట్టె ఉంచుత దానికి."

"వద్దు బిడ్డా. కొలిచి వండింది, నీకు తక్కువైతది. మీ అమ్మ నన్నంటది."

"ఆకలైతే మొరుగుతదా?"

"మొదట్ల మస్తు సతాయించేది. ఇప్పుడు సప్పుడు చేస్తలేదు."

"అంటే అలవాటైంది."

"అలవాటే అనుకోవాలె."

"ఒక్కసారి తోల్కరా మౌశీ. నేను ఆడుకుంట దానితోటి."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"మాకు కుక్క లేదు బిడ్డా."