కింద ఉండాల్సిన స్విచ్చు

"కూసోమన్ననా నేను?"

"లేదు భాయ్. నిలబడే మాట్లాడుత."

"మాట్లాడు మల్ల. నిలబడే."

సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. సిద్దిపేట పాత బస్టాండు వెనక నజీర్ నడిపే ఇంటర్నెట్ రేడియోల దుకాణంలోకి ఉప్పలయ్య అడుగుపెట్టాడు, నజీర్ తమ్ముడు ఫైజ్ పోయాక మొదటిసారి. ఎనిమిది ఊళ్లకు తీగ లేకుండా ఇంటర్నెట్ ఇచ్చే ఈ ఉప్పలయ్య మీద నజీర్ పద్నాలుగు నెలలుగా పళ్లు నూరుతున్నాడు. అలాంటివాడు తన కాళ్లతో తానే నడిచొస్తే ఊరికే వదులుతాడా?

"నా లింకులన్ని పడిపోతున్నయి, నజీర్ భాయ్. చింతమడక లింకు పొద్దున పోతె మాపటిదాక రాదు. ప్రజ్ఞాపూర్ దిక్కయితె వారం సంది లేనే లేదు. నీ మూడు ఊర్ల లింకులు మాత్రం ఆగుతలేవంటున్రు."

"ఎవరన్నరు?"

"అందరంటున్రు. ఆరు గంటలు కరెంటు పోయినా నీది నడుస్తదంట గద. ఏం డబ్బలు పెట్టినవో చెప్పు. గవే తెచ్చుకుంట."

"హైదరాబాదుల అడుగకపోయినవా? నీకు మస్తుమంది దోస్తులుండిరి."

"అడిగిన. ఆళ్ల కాడ ఏముంటె గదే మంచిదంటరు. నీకున్న ఎరిక గీ ఊర్ల ఇంకెవరికుంది?"

"ఉండె ఒకనికి. ఉండెనా లేదా?"

"ఉండె."

"పేరు చెప్పు."

"భాయ్..."

"పేరు చెప్పుమన్న."

"ఫైజ్."

"ఆఁ. ఇప్పుడు కూసో."

"భాయ్, నీకు నా మీద కోపమున్నదని నాకెరికె. గని..."

"కోపం సంగతి తర్వాత. డబ్బలు కావాల్నంటివి, డబ్బల సంగతి మాట్లాడు. నేను అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాలె. దాచినవనుకో, తప్పు డబ్బ చెప్త, మల్ల నువ్వే ఏడుస్తవ్. ఇప్పుడు నీ కాడున్నయి ఎట్లాంటియి?"

"చిన్నయి. రెండు కొమ్ములుంటయి సూడు, గవి."

"గవి ఇండ్లల్ల అల్మార మీద పెట్టుకునేటియి గద. స్తంభం మీద ఎట్ల పెట్టినవ్?"

"టిఫిన్ డబ్బల పెట్టి, సుట్టూర టేపు సుట్టిన."

"ఎండకు ఏమైతది?"

"హ్యాంగ్ అయితది."

"వానకు?"

"వానకు గుడ గంతే."

"హ్యాంగ్ అయితె ఏం చేస్తరు?"

"బంద్ చేసి మల్ల చాలూ చేస్తె సర్దుకుంటది."

"స్విచ్చు ఏడుంటది?"

"ఇప్పుడు గవన్ని ఎందుకు భాయ్..."

"స్విచ్చు ఏడుంటదని అడిగిన, ఉప్పలన్నా."

"పైన. డబ్బ పక్కకే."

"పైన అంటె?"

"అరవై ఫీట్లుంటది."

"అంటె నీ డబ్బ ఆగినప్పుడల్ల ఒకడు అరవై ఫీట్లు ఎక్కాలె, వేలుతోని ఒక స్విచ్చు ఒత్తాలె, దిగాలె."

"అప్పుడందరు గట్లనే నడిపిన్రు."

"అందరు కాదు. నువ్వు నడిపినవ్. వారానికి ఎన్నిసార్లు?"

"గుర్తులేదు."

"నాకు గుర్తుంది. వాడు ఇంటికొచ్చి అరిచేతులు చూపెట్టెటోడు. గని నీ నోటితోని ఇనాలె. డబ్బ ఎన్నిసార్లు ఆగిందో తెల్వకుంటె దాని బదులు ఏం పెట్టాల్నో ఎట్ల చెప్పాలె?"

"మూడు సార్లు. వానకాలమైతె ఐదారు."

"ఎక్కింది ఎవరు?"

"ఫైజే. ఇంకెవరికి రాకుండె గద."

నజీర్ లేచి అరలోంచి తెల్లటి రేడియో ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు.

"పట్టుకో. బరువుందా?"

"ఉంది."

"గిది బయట పెట్టెతందుకే చేసిన్రు. రేడియో, డిష్షు ఒక్కతానే ఉంటయి. టిఫిన్ డబ్బ అక్కరలేదు, టేపు అక్కరలేదు. ఎండకు మాడదు, వానకు నానదు. దీనికి ఒక్కటే వైరు. నెట్టు, కరెంటు రెండూ గా ఒక్క వైర్లనే పైకి పోతయి."

"మరి అడాప్టరు?"

"కింద. రూముల, బ్యాటరీ పక్కకు. చిన్న బల్బు తాగినంత కరెంటు గుడ తాగదు. కారు బ్యాటరీ ఒక్కటి పెట్టినవంటె ఒక దినమంత నడుస్తది. గందుకే నావి ఆగుతలేవు. ఎనిమిది ఊర్లకు ఒక్కతీరు డబ్బలే తీసుకో, తీరొక్కటి కొనకు. రెండు ఎక్కువ తీసుకొని ఇంట్ల పెట్టుకో. ఒకటి ఖరాబైతె అప్పటికప్పుడే మారుస్తవ్. భూమిల రాడ్డు దించి ఎర్తింగ్ ఇయ్యి, లేకుంటె ఒక్క పిడుగుకు అన్ని పోతయి. ఇంకోటి, రెండు స్తంభాల నడుమ చెట్లు చూసుకో. ఎండకాలం ఆకులు రాలినప్పుడు చూసి మంచిగుందనుకుంటవ్. వానకాలం చిగురేసినంక లింకు సగమైతది."

నజీర్ ఆగాడు. పని గురించి మాట్లాడితే తన కోపాన్ని తానే మరిచిపోయే గుణం తనది. ఇవాళ దాని మీద తనకే మంట పుట్టింది.

"గిది గుడ హ్యాంగ్ అయితె, భాయ్?"

"అయితె కింద కూసోని బంద్ చెయ్, చాలూ చెయ్. చాయ్ తాగుకుంట చెయ్. ఎవ్వడు ఎక్కుడు లేదు."

"ఊఁ."

"డబ్బ కింద పెట్టినవేంది?"

"ఏం లేదు."

"గిది పోయినేడు గుడ దొరికేది, ఉప్పలన్నా. ఫైజ్ నీకు చెప్పిండు. నువ్వు కూసున్న జాగలనే కూసోని ఫోన్ చేసిండు. అన్నా, స్విచ్చు కిందికి తెద్దామన్నడు. నువ్వేమన్నవ్?"

"గీ సీజన్ పోనియ్యమన్న."

"పోయింది సీజన్. వాడు గుడ పోయిండు."

"నజీర్ భాయ్, నేను రాత్రిళ్లు నిద్రపోతున్ననుకుంటున్నవా?"

"పోతున్నవో లేదో నాకెందుకు? గోరీ మీది చాదర్ కింద పండుకున్నది వాడు."

లోపలి పరదా కదిలింది. నజీర్ తల్లి మహబూబీ రెండు గ్లాసుల్లో చాయ్ పట్టుకొచ్చింది.

"ఉప్పలయ్యా, ఎప్పుడొచ్చినవ్ బిడ్డ? తీసుకో, ఏడేడి తాగు."

"అమ్మీ, ఈనకు చాయ్ ఎవరు పెట్టుమన్నరు?"

"ఇంటికొచ్చినోడు గద బేటా."

"ఇంటికి రాలే. దుకాణానికొచ్చిండు."

"రెండు ఒక్కటే గద మనకు. ఉప్పలయ్యా, పిల్లలు మంచిగున్నరా? రేపు ఆటో పంపుతనని ఫోన్ల అంటివి, ఎన్ని గంటలకు?"

"పదింటికి, అమ్మా."

"సరే. తొందరగ తయారైత. నా నల్ల శాలువ ఇస్త్రీ చేయించిన."

"నువ్వు లోపటికి పో అమ్మీ. మాకు పనుంది."

"పోతున్న పోతున్న. మెల్లగ మాట్లాడు బేటా, బీపీ అయితది."

ఆమె వెళ్లేదాకా ఇద్దరూ చాయ్ ముట్టలేదు.

"ఆటో నువ్వు పంపుతున్నవా?"

"సమ్మె శిబిరం కాడ అమరుల తల్లులకు సన్మానం పెట్టిన్రు గద. అంత దూరం నడుస్తదా, అమ్మ."

"అమరుల తల్లులకు."

"భాయ్..."

"శిబిరం పక్కకు ఫ్లెక్సీ ఉంది. ఫైజ్ ఫోటో, పక్కకు జెండా. వాడు జెండా కట్టెతందుకు స్తంభమెక్కి పడ్డడని ఊరంత చెప్పింది ఎవరు?"

"నేనే."

"ఎక్కే ముందట వాడు నాకు ఫోన్ చేసిండు. భయ్యా, చింతమడక డబ్బ ఆగింది, వాన పడుతున్నది, ఉప్పలన్న ఒక్కసారి సూసి రమ్మన్నడు, అన్నడు. వద్దుర అంటనే ఉన్న. పెట్టేసిండు. గంతే. మాపటివరకు ఊరంత వాడు అమరుడు. మంది నా చెయ్యి పట్టుకొని, అమరుని అన్నవు నువ్వు, అంటుంటె నేను తలకాయ ఊపుకుంట నిలబడ్డ. పద్నాలుగు నెలల సంది ఊపుతున్న. ఏం చెప్పాలె? నా తమ్ముడు వేలెడు స్విచ్చు కోసం పోయిండని చెప్పాల్నా?"

"చెప్పకపోయినవా మరి?"

"అమ్మీ ఉండె. నీ అబద్ధం నమ్మి నాలుగు బుక్కలు తింటున్నది. ఎట్ల చెప్పాలె? ఇన్నొద్దులు నోరు మూసుకున్న. ఇప్పుడు నువ్వే వచ్చినవ్. డబ్బ కావాలె గద నీకు?"

"కావాలె. ఇంక పది దినాలు ఇట్లనే ఉంటె ఎనిమిది ఊర్లు పోతయి. అప్పు తెచ్చి పెట్టిన, భాయ్."

"నాకు నీ పైసలు వద్దు. డబ్బలు నేనే తెప్పిస్త, ఎనిమిది ఊర్లల్ల నేనే బిగిస్త. బదులుకు ఒక్క పని చెయ్. రేపు శిబిరంల మైకు పట్టుకొని నాలుగు ముక్కలు చెప్పు."

"ఏం ముక్కలు?"

"ఫైజ్ జెండా కోసం ఎక్కలే. నా డబ్బ ఆగితె నేనే ఎక్కించిన. వానల ఎక్కించిన. స్విచ్చు కిందికి తెద్దామని వాడు చెప్పినా ఇనలే. గంతే."

"గది వద్దు, భాయ్."

"వద్దా?"

"ఇంకేదన్న అడుగు. ఏదన్న అడుగు."

"నాకు ఇంకేది వద్దు. ఇజ్జత్ పోతదని భయమైతుందా?"

"గది కాదు."

"మరేంది? మంది తంతరనా?"

"తన్ననియ్యి. నన్ను పోలీస్ స్టేషనుకు తోల్కపో, ఇప్పుడే పోదాం. నువ్వు చెప్పిందంత రాసిస్త, సంతకం పెడుత. లోపటేస్తె ఏయనియ్యి. రేపు శిబిరంల మాత్రం వద్దు."

"గదేంది? జైలుకు పోతవ్ గని మైకు ముందట నోరు తెరువవా?"

"రేపు అమ్మ ఆడుంటది."

"ఉండాలె. నాకు కావాల్సింది గదే. ఆమె ఇనాలె. కన్నతల్లి ముందట చెప్పాలె నువ్వు."

"నీ కాళ్లు మొక్కుత, నజీర్. గంత పని చెయ్యకు."

"మొక్కకు. పద్నాలుగు నెలలు నేను గీ గోడలకు చెప్పుకున్న. ఇను. రేపు నువ్వు చెప్పకుంటె నేను చెప్త. గదే మైకుల. తర్వాత ఎనిమిది ఊర్లు ఇంటింటికి తిరుగుత. ఉప్పలయ్య నెట్టు పెట్టుకున్న ప్రతి ఇంటి ముందట నిలబడి చెప్త. నీ సొంతూరు అక్కన్నపేటల గుడ నీకు ఒక్క కనెక్షన్ మిగలనియ్య. పేరు చెప్తె మొఖం తిప్పుకోవాలె మంది."

"చెయ్యి. అంత చెయ్యి. నా నెట్టు కాలిపోనియ్యి. డబ్బలు గుడ వద్దు నాకు. రేపొక్క దినం ఆగు."

"డబ్బలు గుడ వద్దా?"

"వద్దు."

"గంత పెద్ద మాట ఏమున్నది, నీ నోట్లకెళ్లి రాకుంట?"

"మాటిచ్చిన."

"ఎవరికి?"

"ఇచ్చిన. గంతే."

"ఎవరికిచ్చినవ్ ఉప్పలన్నా? లీడర్లకా?"

"అడుగకు భాయ్."

"జెండా మాట పుట్టిచ్చింది నువ్వే అంటివి. మల్ల మాట ఎవరికిచ్చుడు? ఎవరు నేర్పిన్రు నీకు?"

ఖాళీ గ్లాసుల కోసం వచ్చిన మహబూబీ పరదా అంచు పట్టుకొని ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఇద్దరూ చూడలేదు.

"గట్టిగ ఒర్రకు బేటా. నాకిచ్చిండు మాట."

"అమ్మీ, నీకు తెల్వది, నువ్వు లోపటికి..."

"నాకన్ని తెలుసు. ఆ దినం దవాఖానల ఈన నాకు మొత్తం చెప్పిండు, డబ్బ సంగతి, స్విచ్చు సంగతి. పోలీసోళ్లకు గుడ చెప్తనని లేచిండు. నేనే పోనియ్యలే. నా ఫైజ్ ఒక ప్లాస్టిక్ డబ్బ కోసం పోయిండంటె నేనెట్ల బతకాలె? తెలంగాణ కోసం పోయిండని అందరికి చెప్పు బిడ్డా అని, గీ ఉప్పలయ్య కాళ్లు పట్టుకున్నది నేను."