చెన్నై ఓడా, వైజాగ్ ఓడా

పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ టికెట్లకు రెండు ఊళ్లకూ ఒకే కౌంటర్. హోప్ టౌన్ నుంచి వచ్చిన తండ్రీ కూతుళ్లు క్యూలో ఉన్నారు. వాళ్ల ముందు ఇంకా ఇద్దరే మిగిలారు.

“ఆఖరిసారి చెప్తన్నాను, వైజాగ్‌లో చదువు. మీ మేనత్త ఇంట్లో ఉంటే తిండికీ గదికీ ఖర్చుండదు.”

“చెన్నైలో ఫీజు తక్కువే నాన్నా. హాస్టలూ చవకే.”

“అత్త ఇంటికంటే చవకేటి? ఇంటర్నేషనల్ రిలేషన్స్ అంటావు, దేశాల మధ్య రాజీ కుదురుస్తానంటావు. సొంత మేనత్తతో సర్దుకోలేవా?”

“దేశాలకి సరిహద్దులుంటాయి నాన్నా. అత్త ఇంట్లో అక్కకి తలుపేసుకోడానికి గది కూడా లేదు.”

“దాని ఊసెందుకిప్పుడు?”

“అక్క కూడా ఖర్చుండదనే కదా వెళ్లింది? అత్తకి ఒంట్లో బాగోలేదని కాలేజీ మానిపించేశారు. ఇప్పటికీ వాళ్లకి వండిపెడతానే ఉంది.”

క్యూ కదిలి, వాళ్ల వంతు వచ్చింది.

“కహాఁ జానా హై, భయ్యా?” అన్నాడు క్లర్కు.

“చెన్నై కా ఏక్ దీజియే. వైజాగ్ కా భీ ఏక్.” తండ్రి రెండు ఊళ్లకూ చెరో టికెట్ అడిగాడు.

“వైజాగ్‌కి ఎందుకు నాన్నా?”

“అది నాకు. మీ అక్కని ఇంటికి తెచ్చుకోవాలి.”