తల్లి గొర్రెను అమ్మని సుమిత్రమ్మగారు

శ్రీమతి సుమిత్రమ్మగారు 1999 ఆగస్టు 16వ తేదీ సోమవారం ఉదయం వికారాబాద్ విద్యుత్ కార్యాలయంలో అటెండరుగా విధుల్లో చేరారు. ఆమె భర్త, లైన్‌మన్ శంకరప్పగారు గాలివానలో స్తంభం కూలి కన్నుమూసి అప్పటికి పదకొండు నెలలు. కారుణ్య నియామకం పొందిన ఆమెకు ఆనాడు అప్పగించిన మొదటి పని, పాత లాగ్ పుస్తకాలను బీరువాలో సర్దడం. వాటిలో సగం శంకరప్పగారి చేతిరాతతోనే ఉన్నాయి. ఆమె అన్నింటినీ తేదీల వారీగా సర్ది, బీరువాకు తాళం వేసి, తాళంచెవి అధికారి బల్లమీద పెట్టి, "ఇంకేం పనున్నది సార్?" అని అడిగారని ఆనాటి ఉద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ అభినందన సంచికలో ఆమె గురించి రాసే బాధ్యత నాకు రావడం విచిత్రమే. ఈ తాండూరు కార్యాలయంలో పది నెలల అప్రెంటిస్‌ను. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. రోజూ డైరీ రాస్తానని తెలిసి, సంచిక చూస్తున్న సీనియర్ అసిస్టెంట్ మల్లేశ్వర్‌గారు కాగితాలు నా ముందు పెట్టారు. "మంచిగ రాయి బిడ్డా. గా షేర్ల ముచ్చట మాత్రం రాయకు. రిటైర్మెంటు పుస్తకంల గదెందుకు?" అని కూడా అన్నారు. ఆయనపట్ల గౌరవంతోనే చెబుతున్నాను, ఆ ముచ్చట లేకుండా సుమిత్రమ్మగారిని గురించి రాయడం సాధ్యం కాదు. జీతంలో మిగిల్చి ఆమె కొనిపెట్టుకున్న ఆ షేర్లను పదవీ విరమణకు ముందే అమ్మించాలని గడచిన ఏడాదంతా ఎందరో ఆమె చుట్టూ తిరిగారు. ఆ షేర్లు పోతే ఆమె ఒంటరి ఇంటికి ఆధారం పోతుంది. కాబట్టి రాస్తున్నాను.

సుమిత్రమ్మగారిది దోమ మండలంలోని ఒక పల్లె. తండ్రికి ఎనభై గొర్రెల మంద ఉండేది. వేసవిలో ఆ మందను రైతుల చేలల్లో రాత్రిళ్ళు పడుకోబెట్టేవారు. ఎరువుకు బదులుగా రైతులు జొన్నలు కొలిచేవారు. పోతు పిల్లలను సంతలో అమ్మేవారు, ఉన్నిని కంబళ్ళు నేసేవారికి ఇచ్చేవారు. ఎంత ఇబ్బంది వచ్చినా తల్లి గొర్రెను మాత్రం అమ్మేవారు కాదు. మేపలేనన్ని ఉన్నప్పుడు కొన్నింటిని పక్క ఊరివారికి పాలుకు ఇచ్చేవారు. అంటే మేపేది వాళ్ళు, పుట్టిన పిల్లల్లో సగం వీళ్ళకు. పదో తరగతి వరకే బడికి వెళ్ళిన ఆ పిల్ల అర్థశాస్త్రమంతా మంద వెనుక నడుస్తూ నేర్చుకున్నది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఆమె తన భవిష్యనిధి కాగితాలను తెచ్చుకుని చదివించుకున్నారు. ఆమె చేరేనాటికి పాత పెన్షన్ పద్ధతి ముగిసింది. విరమణ తర్వాత చేతికి వచ్చేది నెలకు మూడు వేలు కూడా ఉండదని ఆనాడే అర్థమైంది. ఇతరులు ఆ సంగతి తెలిసి నిట్టూర్చారు. ఆమె నిట్టూర్చలేదు. "సర్కారు పెన్షన్ ఇయ్యకపోతే నేనే ఇచ్చుకుంట" అన్నారట. ఇల్లు నడపగా మిగిలినదానితో 2004లో ఒక విద్యుదుత్పత్తి సంస్థ షేర్లకు దరఖాస్తు పెట్టారు. మరుసటి ఏడు తపాలాలో డివిడెండు చెక్కు వచ్చింది. నూట అరవై రెండు రూపాయలు. కార్యాలయమంతా ఆ చెక్కును చేతులు మార్చుకుని చూసి నవ్వింది. "అక్కా, గీ పైసలతోని బంగ్లా కడ్తవా, కారు కొంటవా?" అని ఒకాయన అడిగారు. "ముందుగాల నీకు చాయ తాపుత తమ్మీ, తాగి ఊకో" అని ఆమె నిజంగానే అందరికీ చాయ తెప్పించారు.

సార్వత్రిక విధానంలో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులై, 2008లో జూనియర్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది ఆమె తాండూరుకు బదిలీపై వచ్చారు. బిల్లుల ఫిర్యాదుల కిటికీ దగ్గర, సీనియర్ అసిస్టెంటు అయ్యాక కూడా, పదిహేడేళ్ళకు పైగా కూర్చున్నారు. బండల పాలిషింగ్ యూనిట్ల యజమానులు కేకలు వేసుకుంటూ వస్తే వారి మీటరు లెక్కను వారి చేతనే కూడించి పంపేవారు. సరిహద్దు పల్లెల నుంచి కన్నడం మాట్లాడుతూ వచ్చిన ముసలివారికి కన్నడంలోనే బదులిచ్చేవారు. ఆ కిటికీయే ఆమెకు ఒక సత్యం నేర్పింది. మనుషులు బట్టలు కొనడం మానుకుంటారు, పెళ్ళిళ్ళు వాయిదా వేస్తారు, కరెంటు బిల్లు మాత్రం ఏదో ఒకటి చేసి కడతారు. అందుకే ఆ తర్వాత కూడా ఆమె కొన్న షేర్లన్నీ కరెంటు ఉత్పత్తి చేసే, తీగల మీద మోసుకుపోయే కంపెనీలవే.

ఇక కెనడా సంగతి. 2017లో కందుల ధర పడిపోయింది. తాండూరు మార్కెట్ యార్డులో రాశులు పోసుకుని రైతులు మూడేసి రోజులు కూర్చున్నారు. వారిలో సుమిత్రమ్మగారి తమ్ముడు నర్సప్పగారు ఒకరు. కెనడా నుంచి ఓడలకొద్దీ బఠానీ దిగిందని, అందుకే మన పప్పు అడిగేవారు లేరని యార్డులో అందరూ తిట్టుకుంటుంటే, తమ్ముడికి సద్ది తీసుకుపోయిన సుమిత్రమ్మగారు అడిగారట: "గా దేశంల కరెంటు ఎట్ల వస్తది?"

ఎవరికీ తెలియదు. ఆమె తెలుసుకున్నారు. నదుల మీద జలవిద్యుత్తు, మైదానాల్లో గాలిమరలు, వేల మైళ్ళ తీగలు, వాటిని నడిపే కంపెనీలు. కొన్నయితే దశాబ్దాలుగా డివిడెండు తగ్గించనివి. నిఘంటువు పక్కన పెట్టుకుని వార్షిక నివేదికలు చదివారు. "ముప్పై డిగ్రీల చలి, సున్నకు కింద. గంత చలిల కరెంటు కనెక్షన్ తీసేయించుకునేటోడు ఉంటడా?" అని తేల్చుకున్నారు. "మన కందుల ధర పడగొట్టిన దేశం మనకెంతో కొంత ఇయ్యాలె గద" అన్నది దానిపై ఆమె తీర్పు.

విదేశీ షేర్లు కొనే ఖాతాకు డబ్బు పంపడానికి ఆమె వికారాబాద్‌లోని ఒక బ్యాంకుకు వెళ్ళారు. ఫారంలో కారణం రాయవలసిన గడి చూసి అక్కడి అధికారి, "పిల్లలు కెనడాలో చదువుతున్నారా అమ్మా?" అని అడిగారు.

"నాకు పిల్లల్లేరు సార్."

"మరి చుట్టాలా?"

"కాదు. గొర్రెలు. పాలుకిస్తున్న."

ఆ అధికారి కలం కింద పెట్టేశారట. ఆ ఫారం పూర్తి కావడానికి నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. ఆమె నాలుగుసార్లూ సెలవు పెట్టి వెళ్ళారు. అప్పటినుంచి మూడు నెలలకొకసారి డివిడెండు వస్తున్నది. నూటికి పాతిక ఆ దేశమే పన్నుగా పట్టుకుంటుంది. దానిని ఆమె మేత ఖర్చు అంటారు. "మన గొర్రె ఏడాదికోసారి ఈనుతది, కెనడాది నాలుగుసార్లు" అని నాకు చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఉన్న గర్వం నా డైరీలో ఒక పేజీ నిండా ఉన్నది.

ఆమె పొరపాటు చేయలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆమెకే కోపం వస్తుంది. అన్ని కంపెనీలకంటే రెట్టింపు డివిడెండు ఇస్తున్న ఒక గాలిమరల కంపెనీని చూసి ఆశపడి కొన్నారు. 2023లో ఆ కంపెనీ డివిడెండును సగానికి కోసింది. షేరు ధర కూడా సగమైంది. మందలో పుట్టిన మనిషి చేయకూడని తప్పు అది. సంతకు తెచ్చే ముందు గొర్రెకు ఉప్పు తినిపించి, కడుపు నిండా నీళ్ళు తాగించి, బలిసినట్టు చూపి అమ్మే ఎత్తు ఆమెకు చిన్నప్పుడే తెలుసు. మర్నాడు కార్యాలయానికి రాగానే ఎవరూ అడగకముందే ఆ సంగతి ఆమే చెప్పారు. "నీళ్ళ కడుపు గొర్రెను కొన్న. మా నాయిన బతికుంటే కట్టెతోని కొడ్తుండె. గా కంపెనోడు డివిడెండు సంపాయించి ఇయ్యలే, అప్పు జేసి ఇచ్చిండు. నేను చూడలే."

"మరి ఇంక అన్నీ అమ్మెయ్ అక్కా" అన్నారు మల్లేశ్వర్‌గారు.

"ఒక గొర్రెకు రోగమొస్తే మందంతా కోసుకుంటమా తమ్మీ?"

ఆ ఒక్కటే అమ్మారు. నష్టం ఎంతో అడిగినవారికల్లా చెప్పారు. మిగిలినవి అట్లాగే ఉంచారు.

నేను అప్రెంటిస్‌గా చేరిన 2025లో ఆమెపై ఒత్తిడి పెరిగింది. మా కార్యాలయంలో తొమ్మిదిమంది కలిసి వికారాబాద్ దగ్గర భూమి కొని ప్లాట్లు చేసుకోవాలనుకున్నారు. పదో మనిషి కావాలి. విరమణ దగ్గర పడిన సుమిత్రమ్మగారి షేర్లు అమ్మితే సరిగ్గా సరిపోతుందని లెక్క వేశారు.

"ప్లాటైతే పోయి నిలవడొచ్చు అక్కా. కెనడాకు పోయి నిలవడ్తవా?" అన్నారు మల్లేశ్వర్‌గారు.

"నిలవడితే కడుపు నిండుతదా? నీ ప్లాటు ఈనుతదా?"

"ధర పెరుగుతది గద!"

"పెరిగితే అమ్ముకోవాలె. అమ్మినంక ఏం తినాలె?"

ఆ మాటకు నేను ఫైలు వెనుక నవ్వాను. మల్లేశ్వర్‌గారు చూశారు కూడా.

అక్టోబరులో నర్సప్పగారు స్వయంగా కార్యాలయానికి వచ్చారు. షేర్లు అమ్మి తన కొడుకు పేర ప్లాటు తీసుకోవాలని, వృద్ధాప్యంలో అక్కను ఆ కొడుకే చూసుకుంటాడని ఆయన వాదన. కిటికీ ముందు వరుసలో ఉన్నవారంతా వింటుండగానే గొంతు పెంచారు.

"నీకు పిల్లలా జెల్లలా? ఎవరికోసం దాస్తున్నవే అక్కా?"

"నాకోసం."

స్త్రీ నోటినుంచి ఆ మాట అంత నిమ్మళంగా రావడం నేను అంతకుముందు వినలేదు.

"నా చాయకు, నా మందులకు నీ కోడలు మొకం చూడాల్నా? కరువొచ్చిన ఏడు నాయిన మందల తల్లి గొర్రెలన్నీ అమ్మి బోరేసినవ్. నీళ్ళు పడ్డయా నర్సప్పా?"

నర్సప్పగారు కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఆమె వరుసలో ఉన్న తర్వాతి మనిషిని పిలిచారు. ఆ మనిషి బిల్లును ఆమె రెండుసార్లు తప్పు కూడడం నేను చూశాను. తమ్ముడిని అందరిముందు అనడం ఆమెకు తేలిక కాలేదు. అయినా ఆ మాటను వెనక్కు తీసుకోలేదు.

డిసెంబరు చివరి రోజు భూమి ఒప్పందం కాగితం వచ్చింది. ఆమె ఒప్పుకుంటారన్న నమ్మకంతో పదో పేరుగా సుమిత్రమ్మగారి పేరు ముందే రాసేశారు. ఆమె చదివి, బిల్లులు దిద్దే ఎర్ర కలం తీసి, తన పేరుపై ఒక్క గీత గీశారు. కొట్టివేత ఉన్నచోట దిద్దినవారి సంతకం, తేదీ ఉండాలన్నది మా కార్యాలయ నియమం. పక్కనే సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితం వెనక్కు ఇచ్చారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నియమం తప్పని ఆమె ఆ రోజు కూడా తప్పలేదు.

ఆమెను చూసి నాకూ షేర్లు కొనాలనిపించి అడిగాను. "నన్ను చూసి కొనకు ఫిర్దౌస్. ఎవలను చూసీ కొనకు. వాడు సంపాయించి ఇస్తున్నడా, అప్పు జేసి ఇస్తున్నడా, గది చదవనేర్చుకో. అప్పటిదాంక పైసలు పెట్టెల ఉండనియ్" అన్నారు. ఇప్పుడు నా బల్లమీద ఆమె పాత నిఘంటువు ఉన్నది.

మొన్న సంక్రాంతి సెలవులయ్యాక నర్సప్పగారు మళ్ళీ వచ్చారు. ఎవరూ పలకరించకముందే అక్క బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈ ఏటి కందులు ఎట్లున్నవో ఆమె అడిగారు, ఆయన చెప్పారు. లేచేముందు గొంతు తగ్గించి, "మరి నీవి ఎన్ని ఈనినయి అక్కా ఈసారి?" అన్నారు. ఆమె వేళ్ళు మడిచి చెప్పారు. ప్లాటు మాట ఆయన ఎత్తలేదు. ఒప్పుకున్నారో, ఓపిక పట్టారో నాకు తెలియదు.

2026 జనవరి 31న సుమిత్రమ్మగారు సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. భవిష్యనిధి నుంచి వచ్చే పెన్షన్ మూడు వేలకు లోపే. డివిడెండ్లతో ఆమె తనకు తాను ఇచ్చుకునేది దానికి రెండింతలకు పైనే, దానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. అద్దె ఇల్లు అదే, బజారు అదే. వారానికొకసారి అనంతగిరి కొండ ఎక్కుతానని, ఇన్నేళ్ళూ సెలవు దొరకక చూడని మూసీ పుట్టుకను నింపాదిగా చూస్తానని చెప్పారు.

ఆమె ఎప్పుడు అలసిపోతారా, ఎప్పుడు అమ్ముతారా అని ఎదురుచూస్తున్నవారు ఈ కార్యాలయంలోనూ, ఆమె బంధువుల్లోనూ ఇంకా ఉన్నారు. వారందరికీ భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు ప్రసాదించాలని కోరుకుంటున్నాను. సుమిత్రమ్మగారికి అంతకంటే ఒక్కరోజు ఎక్కువ ఇవ్వాలని, ఆ రోజున కూడా ఆమె మందలో తల్లి గొర్రెలన్నీ ఉండాలని మనసారా ప్రార్థిస్తున్నాను.

— ఫిర్దౌస్, అప్రెంటిస్, తాండూరు