గోరువెచ్చన

తండ్రి మనవరాలి స్నానానికి వేడినీళ్లలో చన్నీళ్లు కలుపుతున్నాడు. అద్దకం షెడ్డులో చెయ్యి ముంచి రంగునీళ్ల వేడి చెప్పడం ఆయన పని. అదే పనిని కూతురు కంప్యూటరుకి నేర్పుతోంది.

"నాన్నా, గోరువెచ్చన, వేడి, బాగా వేడి అని నువ్వు చెప్పినవే దానికి ముందుగా పెట్టాను."

"మంచి గురువే దొరికాడు దానికి!"

"తర్వాత అద్దిన గుడ్డలకి రంగు ఎలా పట్టిందో చూపిస్తూ నేర్పితే, అది నీ హద్దుల్ని జరిపేసింది. నువ్వు గోరువెచ్చన అన్నదాన్ని వేడి అంటోంది."

"ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూసిందా అది?"

"పాత గుడ్డలకి నీ మాటే సరిపోయింది నాన్నా. ఈ ఏడాది గుడ్డలకే తప్పుతోంది."

"మళ్లీ నేర్పు."

"ఎన్నిసార్లు నేర్పినా అంతే."

"మేనేజరుకి చెప్పావా?"

"రేపు చెప్పాలి."

"చెప్పకు తల్లీ. ఈ చేతులు తప్ప నాకేముంది?"

ఆమె పాప బట్టలు తీసి పక్కన పెట్టింది.

"సరే, పాపను తీసుకురా. నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి."

కూతురు తొట్టిలో వేలు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. ఆయన చెయ్యి మాత్రం మణికట్టు దాకా ఆ నీళ్లలోనే ఉంది.

"నాన్నా, చెయ్యి తియ్యి!"

ఎర్రగా కందిన చేతిని ఆయన కాసేపు చూసుకున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.