రెండువందల మంది డాక్టర్లూ, ఒక్క సూదీ

కోతలు కోసేవాడికి కావలసింది తెలివి కాదు, లేచి వెళ్ళిపోవడానికి వీల్లేని జనం. అలాంటి జనం నాకు మా ఆవిడ వల్ల దొరికారు. ఆవిడ ఎలర్జీ డాక్టరు. ఆవిడ దగ్గర సూది వేయించుకున్నవాళ్ళు ఎవరైనా సరే, పక్క గదిలో అరగంట కూర్చుని తీరాలి. దద్దుర్లు లేచినా, గొంతు పట్టేసినా వెంటనే చూడాలిగా మరి. ఆ గదిలో చీటీలు రాయడం, ఫోనెత్తడం, గోడ గడియారం చూసి "మీ టైమైంది, ఇక వెళ్ళొచ్చు" అనడం నా ఉద్యోగం. పెళ్ళికి ముందు గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఇప్పుడు ఊరికే చూస్తున్నాను.

ఆ రోజు గదిలో తేనెటీగల పెద్దాయన ఉన్నాడు. ఆయన పెంచే ఈగలే ఆయనకి పడవు. "మానెయ్యరాదూ" అంటే, "మా కోడలికీ నాకూ పడదు, ఇల్లొదిలేశానా" అంటాడు. ఆయన పక్కన బస్సు డ్రైవరు, ఆయనకి దుమ్ము పడదు. ఇద్దరికీ అప్పుడే సూదులయ్యాయి. మూల బెంచీ మీద ఐదేళ్ళ పాపా, పాప వాళ్ళమ్మా.

వాళ్ళు సూది వేయించుకోవడానికి రాలేదు, వెయ్యడం నేర్చుకోవడానికి వచ్చారు. పాప నోట్లో వేరుశనగ పలుకు ఒక్కటి పడితే చాలు, ఊపిరాడదు. అప్పుడు తొడకి గుచ్చడానికి ఒక మందుపెన్ను ఎప్పుడూ దగ్గరుండాలి. మర్నాడే బడిలో చేరికలకి ఆఖరు రోజు. పెన్ను ఎలా వాడాలో వాళ్ళమ్మ టీచరుకి చూపించాలి, చూపించగలదని మా ఆవిడ కాగితం మీద సంతకం పెట్టాలి. లేకపోతే బడివాళ్ళు పాపని తీసుకోరు. పొద్దున్నించీ మా ఆవిడ మూడుసార్లు నేర్పింది. మూడుసార్లూ ఆ తల్లి చేతులు వణికి పెన్ను కింద పడింది.

"కాసేపు ఊపిరి పీల్చుకో. వీళ్ళ అరగంట అయ్యేసరికి వస్తాను, నువ్వే చేసి చూపించు. చెయ్యలేనిదాన్ని చేస్తుందని రాయలేను కదమ్మా," అని మా ఆవిడ లోపలికి వెళ్ళింది.

ఆ తల్లి చేతిలో ఉన్నది ఉత్తుత్తి పెన్ను. చూడ్డానికి అచ్చం అసలుదే. లోపల సూదీ ఉండదు, మందూ ఉండదు. అయినా పాముపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

అలాంటి మనిషికి ధైర్యం చెప్పాలంటే ఏం చెయ్యాలి? నాకు తెలిసింది ఒక్కటే. నా గొప్ప చెప్పాను.

"దీనికింత భయమెందుకు చెల్లెమ్మా. నేను చేశాను. డాక్టర్నా, కాంపౌండర్నా? ఒక పిల్ల ప్రాణం పోతుంటే ఒక్క పోటుతో నిలబెట్టాను."

"ఎప్పుడు గురూ?" అన్నాడు డ్రైవరు, కాళ్ళు బారజాపుకుంటూ.

"పోయిన ఏడు. ఎలర్జీ డాక్టర్ల సదస్సులో. డాక్టరైపోయాక కూడా చదువు ఆపకూడదట, ఏడాదికిన్ని గంటలు కూర్చుని పాఠాలు వినాలి, విన్నట్టు కాగితం తెచ్చుకోవాలి. చంటిపిల్లలున్న డాక్టర్లు రాలేకపోతున్నారని ఆ ఏడు పిల్లాపాపలతో సహా రమ్మన్నారు. వాళ్ళు కింద హాల్లో పాఠం వింటారు, పిల్లలు పై అంతస్తులో ఆడుకుంటారు. ఆ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని నామీద పడింది. పన్నెండు మంది పిల్లలు, నేనొక్కణ్ణి. మెడలో కార్డు కూడా వేశారు, 'తోడు వచ్చినవారు' అని."

"పేరు రాయలేదా?" అన్నాడు పెద్దాయన.

"నన్ను తెలియనివాళ్ళుంటే కదండీ రాయడానికి. సరే, పన్నెండు మందికీ పన్నెండు రకాల పడని వస్తువులు. ఒకడికి గుడ్డు, ఒకత్తెకి పాలు, ఒకడికి పిల్లి. నేను ఏ కాగితమూ చూళ్ళేదు, పిల్ల మొహం చూస్తే చెప్పేసేవాణ్ణి దీనికి ఫలానాది పడదని. అంతలో ఎవరో పెద్ద డాక్టరు బిస్కట్ల డబ్బా ఒకటి పంపాడు. ఇంకా సీలు కూడా తియ్యలేదు. నేను గుమ్మం అవతలే ముక్కు ఎగబీల్చి, 'ఇందులో మూడో వరస, ఎడమవైపు బిస్కట్లో వేరుశనగ ఉంది, తియ్యకండి' అన్నాను."

"సీలు తియ్యని డబ్బాలోంచి," అన్నాడు పెద్దాయన.

"రేకు డబ్బా. అదే విచిత్రం. కానీ నలభై మంది పిల్లల్లో ఎంతమందిని ఆపుతాం, చెప్పండి."

"పన్నెండు మందన్నావు."

"అది పొద్దున. మధ్యాహ్నానికి నలభై అయ్యారు, డాక్టర్లు వస్తూనే ఉన్నారు కదా. అందులో ఒక పాప, ఆ సదస్సు మొత్తానికి అధ్యక్షుడు ఎవరో ఆయన కూతురు, నా చంక కిందనించి దూరి ఆ మూడో వరస బిస్కటే తీసి నోట్లో వేసుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పాప వాళ్ళమ్మ పెన్ను ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తోంది.

"ముందు పెదాలు వాచాయి. తర్వాత దగ్గు. మామూలు దగ్గు కాదు, కుక్కపిల్ల మొరిగినట్టు. మెడ మీద దద్దుర్లు చూస్తుండగానే చెంపల్లోకి పాకాయి. ఏదో చెప్పాలని నోరు తెరుస్తుంది, మాట రాదు. చేత్తో గొంతు పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది."

ఆ తల్లి పాపని దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అక్కడ నేను ఆపాల్సింది. కానీ బస్సుకున్నట్టు కోతకి బ్రేకు ఉండదు.

"నేనొక్క కేక వేశాను. అద్దాలు పగిలాయి. కింద పాఠం ఆగిపోయింది, రెండువందల మంది డాక్టర్లూ మెట్లెక్కి పైకొచ్చేశారు. రెండువందల మంది ఎలర్జీ డాక్టర్లు ఒక్క పిల్ల చుట్టూ చేరితే ఏమవుతుంది, మీరే చెప్పండి."

"పిల్ల బతుకుతుంది," అన్నాడు డ్రైవరు.

"చర్చ మొదలవుతుంది. ఒకాయన బిస్కటంటాడు, ఒకాయన కాదు గోడ రంగంటాడు, ఒకావిడ ఇలాంటిదే ఫలానా పుస్తకంలో రాశానంటుంది. ఒక్కొక్కరు రెండేసి నిమిషాల్లో ముగించాలని మైకులో చెబుతున్నారు. సరే, ముందు మందు గుచ్చండయ్యా అన్నాను. రెండువందల మందీ జేబుల్లో చేతులు పెట్టారు, రెండువందల పెన్నులు తీశారు. అన్నీ ఉత్తుత్తివే. గుమ్మం దగ్గర మందుల కంపెనీవాళ్ళు పంచిపెట్టినవి. నొక్కితే టక్కుమంటాయి, అంతే."

"అయ్యో, మరి పాప?" అంది ఆ తల్లి.

"అసలు పెన్ను ఒక్కటే ఒక్కటి, మా ఆవిడ హ్యాండు బ్యాగులో, కింద వేదిక మీద. మేమున్నది తొమ్మిదో అంతస్తు. లిఫ్టు ఆగిపోయింది. మెట్ల మీద రెండువందల మంది. నేను ఆలోచించానా? మెట్ల పక్క కమ్మీ ఎక్కి కూర్చుని జారడం మొదలెట్టాను. పంతొమ్మిది అంతస్తులు."

"తొమ్మిదికి పది ఎప్పుడు కట్టారు నాయనా?" అన్నాడు పెద్దాయన.

"జారేటప్పుడు ఎక్కువే ఉంటాయండీ. కమ్మీ ఎర్రగా కాలి, నా వెనక పొగ. మూడు సెకన్లలో వేదిక మీదున్నాను. బ్యాగు తెరిచాను, పెన్ను తీశాను. మళ్ళీ ఎక్కే టైము లేదు. మెట్ల మధ్య ఖాళీ జాగా ఉంటుంది చూడండి, అక్కడ నిలబడి కిందనించి పైకి విసిరాను. గాలికి మూత అదే ఊడింది. పెన్ను పంతొమ్మిది అంతస్తులూ ఎక్కి, ఎడమవైపు తిరిగి, ఒక లావుపాటి ప్రొఫెసరు కళ్ళజోడుకీ ముక్కుకీ మధ్యనుంచి దూసుకుపోయి, పాప తొడ మీద ఎక్కడ గుచ్చాలో సరిగ్గా అక్కడ దిగింది. నేను కిందనించే లెక్కపెట్టాను, ఒకటి, రెండు, మూడు. మూడు అనేసరికి పెన్ను తిరిగొచ్చి నా జేబులో పడింది. పాప లేచి కూర్చుని ఇంకో ఆట ఆడదామంది. ఆ అధ్యక్షుడు తన మెడలో కార్డు తీసి నా మెడలో వేశాడు. మర్నాటి పాఠాలన్నీ ఆపేసి నన్ను మాట్లాడమన్నారు. ఆరు గంటలు మాట్లాడాను, రెండువందల మందీ రాసుకున్నారు. ఆ ఏడు వాళ్ళకిచ్చిన కాగితాల మీద సంతకం నాదే."

డ్రైవరు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నేను వెంటనే ఆయన మెడకేసి చూశాను. దద్దుర్లేం లేవు, వట్టి నవ్వే.

ఆ తల్లి మాత్రం నవ్వలేదు.

"అన్నయ్యగారూ, విసిరారన్నదీ అదీ సరదాకి అన్నారు, నాకు తెలుసు. కానీ గుచ్చింది మీరే కదా. పిల్ల అలా చూస్తున్నప్పుడు." గడియారంకేసి ఒకసారి చూసి పెన్ను నా ముందుకు చాపింది. "ఒక్కసారి పట్టుకుని చూపించండి. డాక్టరమ్మ చేతులు వేరు, ఆవిడ చదువుకున్నారు. మీరు మాలాంటివాళ్ళు. మీరెలా చేశారో చూస్తే నేనూ చేస్తాను."

ఇంకా ఎనిమిది నిమిషాలుంది. అవతల తలుపు వెనక మా ఆవిడ గొంతు వినిపిస్తోంది. నేను పెన్ను తీసుకున్నాను. లేచి నిలబడ్డాను. పిడికిలి బిగించి, బొటనవేలు పైన ఆనించి, చెయ్యి గాల్లోకి లేపాను, చూసేవాళ్ళకి బాగుండాలని.

"మామయ్యా, తల్లకిందులుగా పట్టుకున్నావు," అంది పాప.

నేను పెన్నుకేసి చూశాను.

"సూది నీ వేలి దగ్గర్నించి వస్తుంది. నారింజ రంగు కిందికుండాలి. నీలం మూత తియ్యనేలేదు," అంది పాప, తప్పు చేసినవాడు వాళ్ళ తమ్ముడైనట్టు.

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. తేనెటీగల పెద్దాయన మెల్లిగా, ఎగతాళి ఏమీ లేకుండా అడిగాడు.

"అబ్బాయ్, ఆ రోజు సూది ఎవరికి గుచ్చావు?"

పంతొమ్మిది అంతస్తులు జారినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్న దగ్గర చతికిలపడ్డాను. ఇంకో కోత కొయ్యొచ్చు. నోట్లో తయారుగానే ఉంది. కానీ ఆ తల్లి నేనేం చెబితే అది రేపు టీచరుకి చెబుతుంది, టీచరు అదే చేస్తుంది.

"నా బొటనవేలికి," అన్నాను.

ఆ తర్వాత చెప్పింది కథ కాదు కాబట్టి తొందరగానే అయిపోయింది. పిల్లలు ఆరుగురు. రెండో అంతస్తు. బిస్కటిచ్చింది నేనే, అట్ట మీద ఏం రాసుందో చదవకుండా. తిన్నది ఏ అధ్యక్షుడి కూతురూ కాదు, మా అమ్మాయి. పెన్ను నా జేబులోనే ఉంది, ముప్ఫైసార్లు నేర్చుకున్నదే. కింద రెండువందల మంది డాక్టర్లుండగా నేనెవర్ని అని కాసేపు తలుపుకేసి చూస్తూ నిలబడ్డాను. ఎవరూ రాలేదు, వాళ్ళకి తెలిస్తే కదా. చివరికి తీసి, తల్లకిందులుగా పట్టుకుని, గట్టిగా నొక్కాను. మందంతా నా వేల్లోకి పోయింది.

"రెండోది?" అంది ఆ తల్లి. ఎప్పుడూ రెండు పెన్నులు దగ్గరుంచుకోవాలని మా ఆవిడ ఆమెకీ చెప్పింది.

"అమ్మాయి సంచిలో ఉంది. గది ఊడవడానికి వచ్చినావిడ తీసింది. చదువు రాదావిడకి. పెన్ను మీద పక్కన మూడు బొమ్మలుంటాయి, అవి చూసుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి చేసింది. మూడు లెక్కపెట్టింది. అమ్మాయిని పడుకోబెట్టి, నన్ను తిట్టి, అంబులెన్సుకి ఫోను చెయ్యమంది. డాక్టర్లు ఆ తర్వాత వచ్చారు."

ఆ తల్లి నా చేతిలోంచి పెన్ను తీసుకుని పక్కకి తిప్పింది. బొమ్మలున్నాయి. పొద్దున్నించీ అది చేతిలో వణుకుతూనే ఉండటంతో ఆమెకవి కనబడినట్టు లేదు.

"మీ వేలికేమైంది?" అంది.

"సాయంత్రం దాకా సుద్దముక్కలా తెల్లగా అయిపోయింది. అమ్మాయి ఒక వార్డులో, నేను ఒక వార్డులో. మా ఆవిడ మధ్యలో."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను, కానీ నవ్వుతోంది. ఆ నవ్వు తగ్గాక, "కూర్చోండి అన్నయ్యగారూ. కాలు కదపకండి," అంది.

మొదటి బొమ్మ చూసి నీలం మూత తీసింది. "పైన వేలు పెట్టకమ్మా," అంది పాప. "తెలుసు," అంది వాళ్ళమ్మ. నారింజ కొస నా తొడకి ఆనించి నొక్కింది. టక్కుమంది. సూది లేకపోయినా నేను ఉలిక్కిపడ్డాను, ఆమె మాత్రం పట్టు వదల్లేదు. పెదాల్లో లెక్కపెట్టుకుని తీసింది. చేతులు వణికాయి గానీ పెన్ను జారలేదు. మూత పెట్టి మళ్ళీ మళ్ళీ మొదటినుంచి చేసింది.

మా ఆవిడ ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఇది ఎన్నోది?" అంది.

"నాలుగు," అంది పాప.

మా ఆవిడ వచ్చి బల్ల మీద కాగితం పెట్టి సంతకం చేసింది. చేస్తూనే, "చెయ్యి ఇంకా వణుకుతోంది కదమ్మా," అంది ఆ తల్లితో.

"వణకనివ్వండి డాక్టరమ్మా. గుచ్చేది సరిగ్గా గుచ్చుతున్నాను," అంది ఆమె, ఐదోసారి మూత తీస్తూ.

మర్నాడు పాప బడిలో చేరింది. వాళ్ళమ్మ టీచరుకి నేర్పిందట, టీచరు ఆయాకి నేర్పిందట. ఆ బడి మొత్తానికి పెన్ను వాడటం నేర్పింది నేనేనని అరగంట గదిలో ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఇందులో మాత్రం కోత లేదు. కాలు నాదే.