మెర్వ్ వాచీ కోసం సిడ్నీ వెళ్లొచ్చిన వైనం

ఆదివారం పొద్దున సముద్రంలో ఈత ముగించుకుని, కయామా సర్ఫ్ క్లబ్బు వరండాలో తువ్వాళ్లు కప్పుకుని కూర్చునేవాళ్లకి, వేడి టీతోపాటు మెర్వ్ టల్లక్ కోతలు కూడా అలవాటే. పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు క్రేను నడిపి రిటైరైన మనిషి. అంత ఎత్తున ఒంటరిగా కూర్చుని అన్నేళ్లు మూసుకున్న నోరు, కిందికి దిగాక మళ్లీ మూతపడలేదని లెక్కల టీచరుగా చేసిన నోరీన్ అంటూ ఉంటుంది.

ఆ రోజు మాట కదిపింది వేయించిన చేపలు అమ్మే లెఫ్టెరిస్. ఏప్రిల్లో వాచీ కంపెనీ మీదికి యుద్ధానికి వెళ్తున్నానని సిడ్నీ రైలెక్కావే, అదేమైందో మాకు చెప్పనేలేదు అన్నాడు.

అది పదకొండు వందల డాలర్ల వాచీ. రెండేళ్ల కిందట గుండెకి స్టెంటు వేసినప్పుడు, ఒకే ఒక్క షరతు మీద మెర్వ్‌ని మళ్లీ సముద్రంలోకి దిగనిచ్చింది భార్య గ్లెనిస్. వాచీ గుండె చప్పుడు కనిపెడుతూ ఉండాలి, తేడా వస్తే వెంటనే తన ఫోను మోగాలి. మార్చిలో కంపెనీ నుంచి కబురొచ్చింది: మీ మోడలుకి ఇక కొత్త సాఫ్ట్‌వేర్ రాదు, కొత్త వాచీ కొనుక్కోండి. ఆ నెలాఖరుకి గ్లెనిస్ ఫోను తనంతట తాను కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుంది. అప్పట్నుంచి వాచీకీ ఫోనుకీ మాటల్లేవు. ఆ సంగతి గ్లెనిస్‌కి తెలీదు. మెర్వ్ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. నాలుగు ముక్కల్లో అయిపోయే కథంటే మెర్వ్‌కి చిన్నతనం. పైగా వింటున్నవాళ్లలో ఇవాళ ఓ కొత్త మొహం కూడా ఉంది. నోరీన్ ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్న టామ్సిన్ అనే అమ్మాయి, ముప్పై దాటి ఉంటుంది, తడిజుట్టు తువ్వాలుతో చుట్టుకుని కప్పు పట్టుకు కూర్చుంది.

"వెళ్లానా అంటే వెళ్లాను," అని మొదలెట్టాడు. "ముందు ఫోన్ చేశానయ్యా. మర గొంతు, మీ కాల్ మాకు ముఖ్యం అంటుంది. నాక్కూడా ముఖ్యమేనమ్మా అన్నాను. అది మళ్లీ అంటుంది, నేనూ మళ్లీ అంటాను, నాలుగు గంటలు. ఆఖరికి అదే విసిగిపోయి ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలెక్కాను. కంపెనీ ఆఫీసు ముప్పై ఒకటో అంతస్తు. వాచ్‌మన్ లిఫ్టు ఎక్కనివ్వనన్నాడు. లిఫ్టు నీ దగ్గరే ఉంచుకో నాయనా అని మెట్లెక్కాను."

ఎన్ని మెట్లని నోరీన్ అడిగింది. ఆరు వందల ఎనభై రెండని తడుముకోకుండా చెప్పాడు మెర్వ్. అంతస్తుకి ఇరవై రెండు, సరిగ్గా భాగిస్తోందే అని ఆవిడ మెచ్చుకుంది. ఆ మెప్పుతో మెర్వ్ వెన్ను నిటారైంది.

"పైకెళ్లేసరికి నా గుండె నిమిషానికి అరవై రెండు, అంతే. లోపల సూట్లు వేసుకుని తొమ్మిదిమంది. వాచీ తీసి బల్ల మీద పెట్టాను. చూడండి బాబులూ, నేను నడిపిన క్రేను అరవై ఒకటిలో తయారైంది, నేను దిగిపోయిన రోజు కూడా ఇరవై టన్నులు ఎత్తింది, దాని గడువు అయిపోయిందని ఎవడూ వచ్చి చెప్పలేదు, మీ వాచీ రెండేళ్లకే ముసలిదైపోయిందా అన్నాను. అందరూ తల దించుకున్నారు. పెద్ద మేనేజరుకైతే కళ్లమ్మట నీళ్లు."

లెఫ్టెరిస్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఎదుటివాడు కుర్చీ జరుపుకుంటే ఆగడం మెర్వ్ చేతిలో ఉండదు. కథ వాళ్ల ఖండాంతరాల అవతలి పెద్దాఫీసుకి పాకింది, అక్కణ్ణుంచి కంపెనీ యజమాని సొంత విమానంలో దిగాడు, నీ పాత వాచీ గొప్పదో మా కొత్తది గొప్పదో తేల్చుకుందాం అని పందెం వేశాడు. ఒక చేతికి పాతది, ఒక చేతికి కొత్తది కట్టుకుని మెర్వ్ సిడ్నీ రేవులో దూకాడు.

"రేవుకి అవతలి ఒడ్డున ఉన్న మాన్లీ దాకా ఈదాలి. సగం దూరంలో కొత్త వాచీ చచ్చిపోయింది. అప్పుడొచ్చిందయ్యా షార్కు. అక్కడ తిరిగే ఫెర్రీ పడవంత ఉంటుంది. పక్కకొచ్చి, పాత వాచీలోకి తొంగి చూసి, అరవై రెండు అని చదువుకుని, వీడెవడో మనవాడేలే అని వెళ్లిపోయింది. ఫెర్రీలన్నీ ఆగి హారన్లు కొట్టాయి. ఒడ్డున యజమాని టై విప్పి నాకు తల తుడుచుకోమని ఇచ్చాడు. అక్కడే గట్టు మీద నలభైమంది ఇంజనీర్లని కూర్చోబెట్టి, సాయంత్రానికల్లా కొత్త సాఫ్ట్‌వేర్ రాయించాడు, ప్రపంచంలో ఉన్న పాత వాచీలన్నిటికీ పంపించాడు. ఫిజీలోనూ నార్వేలోనూ ఆ రోజు ఎవడి చేతి మీద పాత వాచీ మోగినా, అది నా పుణ్యమే."

లెఫ్టెరిస్ చేతిలో టీ తాగకుండానే చల్లారింది. మెర్వ్‌కి అది చప్పట్లకన్నా ఇష్టం. నిజంగానే రేవు దాటి వచ్చినవాడిలా చేతులు చాపుకుని టీ అందుకున్నాడు.

అప్పుడు టామ్సిన్ కప్పు కింద పెట్టింది.

"ఆ రోజు మీరు నీలం స్వెట్టరు వేసుకొచ్చారు కదండీ. మోచేతి దగ్గర ఊలు ఊడిపోయి ఉంది."

మెర్వ్ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఆఫీసు కింది అంతస్తులోనే," అంది ఆ అమ్మాయి. "మీ టోకెన్ నంబరు యాభై మూడు. బల్లకి అవతల కూర్చున్నది నేనే. మే నెలలో ఆ ఉద్యోగం మానేశాను."

ఎగతాళిగా చెప్పలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన రెండు గంటలు కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చాక, పొద్దుట్నుంచీ అందరికీ అప్పజెప్పిన పాఠమే ఆయనకీ అప్పజెప్పింది, ఈ మోడలుకి సహాయం ఆగిపోయింది, కొత్తది కొంటే కాస్త తగ్గిస్తాం అని. అంతకుముందు యాభై ఇద్దరూ తనని తిట్టి వెళ్లారు. ఈయన మాత్రం, నువ్వు ఏమైనా తిన్నావా అమ్మాయ్ అని అడిగాడు. క్రేను మాట నిజంగానే అన్నాడు, కానీ ఎంత మెల్లగా అన్నాడంటే తను రెండోసారి చెప్పమని అడగాల్సి వచ్చింది. నీ తప్పు కాదులే అని వాచీ జేబులో వేసుకుని లేచాడు.

లెఫ్టెరిస్ నవ్వబోయి, మెర్వ్ మొహం చూసి మానుకున్నాడు.

"వెళ్తూ వెళ్తూ ఇంకో మాటన్నారు," అంది టామ్సిన్. "ఇది పనిచెయ్యకపోతే మా ఆవిడ నన్ను నీళ్లలో దిగనివ్వదు అన్నారు. ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. ఏదైనా దారి ఉందేమోనని లోపల అందర్నీ అడిగాను. లేదన్నారు. మరి ఇప్పుడెలా దిగుతున్నారు?"

నోరీన్ మెర్వ్ వైపు తిరిగింది. "గ్లెనిస్‌కి తెలుసా?"

మెర్వ్ సముద్రం వైపు చూశాడు. కోత కోసి దొరికిపోవడం ఆయనకి కొత్తేమీ కాదు, దొరికిన ప్రతిసారీ నవ్వేసి ఇంకోటి అందుకునేవాడు. ఇప్పుడు ఏదీ అందలేదు. రెండు నెలలుగా ఇంట్లో ఆ మణికట్టు చూపించి, అంతా బాగుందని చెబుతూ వచ్చిన మనిషికి సిగ్గు ముంచుకొచ్చింది.

"క్రేను మాట అన్నానుగా," అన్నాడు చివరికి.

"అన్నారు," అంది టామ్సిన్. "ఆ ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో నాకు చెప్పిన వాళ్లందరిలోకీ అంత మంచి మాట ఎవరూ చెప్పలేదు. ఫిర్యాదు కాగితంలో అక్షరం పొల్లుపోకుండా రాశాను. పైవాళ్లు కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు."

ఆ మాటకి మెర్వ్ భుజాలు కొంచెం లేచాయి. జేబులోంచి ఫోన్ తీసి, మెట్ల దాకా నడిచి, వాళ్లకి వీపు తిప్పి నిలబడ్డాడు.

"గ్లెనిస్, నేనే. వాచీ పనిచెయ్యట్లేదు. ఏప్రిల్ కన్నా ముందునుంచే."

తర్వాత చాలాసేపు వినడమే. మధ్యలో ఒకసారి అవునన్నాడు, రెండుసార్లు తప్పేనన్నాడు. అన్నేళ్ల స్నేహంలో మెర్వ్ అంతసేపు నోరు మూసుకోవడం ఎప్పుడూ చూడలేదు నోరీన్.

తిరిగొచ్చి కూర్చున్నాక, చన్నీళ్లలోంచి బయటికొచ్చినవాడిలా ఊపిరి వదిలాడు.

"వాచీ లేకపోతే పక్కన మనిషుండాలట. కంటికి కనపడే దూరంలో. లేకపోతే స్నానాల గదిలోనే ఈదుకోమంది."

"నేనుంటాను," అంది టామ్సిన్.

మెర్వ్ ఆ అమ్మాయిని తలనుంచి కాళ్లదాకా ఓసారి ఎగాదిగా చూశాడు.

"నాకు దీటుగా ఈదాలంటే నీకింకా కొన్నేళ్లు పడుతుంది," అన్నాడు. "అయినా సరే, వచ్చే ఆదివారం ఆరున్నరకల్లా రా. ఆలస్యం చెయ్యకు."